వ్యాను గ్రూపులో పడిన హెల్త్ రిపోర్టు

2024, వానలు మొదలైన రోజులు. అప్పటికి నా ఆఫీసు జనగామ రైల్వే స్టేషన్‌కు వెళ్లే దారిలో, ఒక ఎరువుల దుకాణం మీది అంతస్తులో ఉండేది. కింద యూరియా వాసన, పైన పాత ఫైళ్ల వాసన. రైలు వచ్చినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగలమనేవి. క్లయింటు చెప్పే మాట సగంలో ఆగి, రైలు పోయాక మళ్లీ మొదలయ్యేది. ఆ బిల్డింగును తర్వాత కూలగొట్టారు. ఇప్పటి ఆఫీసులో ఏసీ ఉంది, లిఫ్టు ఉంది. అయినా ఎవరైనా "మీ ఆఫీసు ఎక్కడ మేడం" అని అడిగితే నోటికి ముందు ఆ పాత అడ్రసే వస్తుంది.

నేను కార్మికుల కేసులు చూసే లాయర్ని. మా పుట్టిల్లు గార్ల. పెళ్లయి జనగామకు వచ్చి, ఇక్కడ ఒక పెద్దాయన దగ్గర జూనియర్‌గా చేరి పని నేర్చుకున్నాను. పనిలోంచి తీసేశారని, మెషిన్లో వేలు పోయిందని వచ్చే కేసులను కళ్లు మూసుకుని రాయగలను. ఈ కేసు అలాంటిది కాదు. "డేటా బ్రీచ్" అనే మాట అప్పటికి నేను హైదరాబాదులో ఒక సెమినార్లో విన్నాను. ఆ రోజు భోజనం బాగుందని గుర్తుంది, ఉపన్యాసం గుర్తు లేదు. మనల్ని నమ్మి ఒకరు ఇచ్చిన వివరాలు, చూడకూడని వాళ్ల చేతిలో పడితే దాన్ని డేటా బ్రీచ్ అంటారు. ఎక్కడో కూర్చున్న దొంగలు కంప్యూటర్లోకి దూరితేనే అది జరుగుతుందని నేనూ అనుకునేదాన్ని. మా జనగామ దగ్గర అది ఒక మంచి మనసున్న మనిషి వల్ల జరిగింది.

ఆ రోజు వచ్చిన ఆమె పేరు రజిత. ముప్పై దాటి ఉంటాయి. కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుందో లేదో నాకు తుమ్ములు మొదలయ్యాయి. పక్క టేబుల్ దగ్గర నా క్లర్కు కూడా తుమ్మాడు. ఆమె చప్పున లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది.

"మిరపపొడి మేడం. మసాల కంపెనీల చేస్త. ఎంత ఉతికినా చీరెలకెల్లి పోదు," అంది. ఒక క్షణం ఆగి, "నాకైతే ఇప్పుడు ఏ రోగం లేదు, ఒట్టు," అని కూడా అంది.

తుమ్మింది మేము, సంజాయిషీ చెప్పుకుంటోంది ఆమె. కూర్చోమని మళ్లీ చెప్పి, టీ తెప్పించాను.

జనగామకు బయట, వరంగల్ రోడ్డు మీద అప్పట్లో ఒక మసాలా పొడుల ప్యాకింగ్ యూనిట్ ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లను కంపెనీ వ్యాన్లు పొద్దున ఎక్కించుకునేవి, సాయంత్రం దింపేవి. తినే వస్తువులు ముట్టుకునే పనివాళ్లకు ఏడాదికోసారి డాక్టర్ పరీక్ష చేయించాలని రూలు ఉంది. అందుకని కంపెనీ హెల్త్ క్యాంపు పెట్టింది. వచ్చిన డాక్టరమ్మ ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, ఇంతకుముందు ఏమైనా జబ్బులు చేశాయా అని అడిగి, బయట ఎవరికీ తెలియదని మాట ఇచ్చింది. రజిత నమ్మి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కొన్నేళ్ల కింద, భూపాలపల్లిలో ఉన్నప్పుడు, ఆమెకు టీబీ వచ్చింది. భర్త సమ్మయ్య అప్పుడు అక్కడ బొగ్గు లారీల మీద పనిచేసేవాడు. సర్కారు దవాఖానలో మందుల కోర్సు మొత్తం వాడింది. జబ్బు పూర్తిగా నయమైంది. ఆ తర్వాతే ఇద్దరూ జనగామ వైపు వచ్చి, రోడ్డు పక్క ఒక ఊళ్లో గది అద్దెకు తీసుకుని బతుకుతున్నారు.

ఇక ఆ మంచి మనసున్న మనిషి సంగతి. అతని పేరు ప్రవీణ్, కంపెనీలో హెచ్‌ఆర్ ఆఫీసరు. ప్రతి వ్యాను రూటుకూ అతను ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. "వ్యాను లేటుగా వస్తుంది", "రేపు కంపెనీ బంద్" అని అందులో రాసేవాడు. ముందటి ఏడాది హెల్త్ రిపోర్టుల కోసం ఆడవాళ్లు లంచ్ టైములో ఆఫీసు ముందు లైను కట్టాల్సి వచ్చింది, సగం మంది తినకుండానే మళ్లీ పనిలోకి పోయారు. ఈసారి వాళ్లకు ఆ తిప్పలు వద్దనుకున్నాడు ప్రవీణ్. రజిత వెళ్లే రూటులోని ఆడవాళ్లందరి రిపోర్టులూ కలిపి ఒకే ఫైలు చేసి గ్రూపులో పెట్టాడు. కింద "ఎవరిది వాళ్లు చూసుకోండి" అని రాశాడు. ఇంతకంటే మర్యాదగా ఎవరూ ఎవరి కొంపా ముంచి ఉండరు.

అసలు తమాషా ఏమిటంటే, ఆ గ్రూపులో ఆడవాళ్లు దాదాపు లేనే లేరు. పనిలో చేరేటప్పుడు కంపెనీ వాట్సాప్ నంబరు అడిగితే, చాలామంది దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అందుకని ఇంట్లో ఎవరికి పెద్ద ఫోను ఉంటే వాళ్ల నంబరు ఇచ్చారు. మొగుళ్లు, కొడుకులు, మరుదులు. ఇంట్లో ఎవరికీ లేకపోతే వాడకట్టులోని కిరాణా కొట్టాయన. వ్యాను ఎప్పుడొస్తుందో తెలుసుకోవడానికి అది చాలు. రిపోర్టుల ఫైలు పడగానే గ్రూపులో మొదట వచ్చినవి దండం పెట్టే బొమ్మలు, "థాంక్యూ సార్" మెసేజ్‌లు. ఆ తర్వాత ఎవరికి వాళ్లు ఫైలు తెరిచి, తమ ఇంటి మనిషిది చూసి, పనిలో పనిగా మిగతా అందరివీ చూశారు. ప్రవీణ్‌కు ఎవరో ఫోన్ చేసి మందలించాక దాన్ని డిలీట్ చేశాడు. అప్పటికే అది ఊళ్ల గ్రూపుల్లో తిరుగుతోంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని మన పెద్దలు ఫోన్లు లేని కాలంలోనే అన్నారు.

"ఇప్పుడు ఏమవుతోంది?" అని రజితను అడిగాను.

"ఏం అయితలేదు మేడం. గదే బాధ," అంది. "ఎవ్వలు తిడ్తలేరు, ఎవ్వలు పొమ్మంటలేరు. అందరు మంచిగనే మాట్లాడుతున్రు, జర దూరంగ నిలవడి."

కంపెనీలో మధ్యాహ్నం ఆడవాళ్లంతా షెడ్డు నీడలో గుండ్రంగా కూర్చుని సద్దులు విప్పేవాళ్లు. ఎవరి కూర వాళ్లు తినే పద్ధతి లేదు. కూరలన్నీ మధ్యలో పెట్టేవాళ్లు, అందరి చేతులూ అన్ని డబ్బాల్లోకీ పోయేవి. ఫైలు వచ్చిన మర్నాటి నుంచి రజిత డబ్బాలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఎవరి డబ్బా ఆమె వైపు జరగలేదు. ఒకామె "ఇయ్యాల నాకు ఆకలి లేదే" అంది. ఇంకొకామె "డాక్టరు కారం బంద్ పెట్టమన్నడు" అంది. రెండు రోజులు చూసి రజిత తనంతట తనే గోడ వైపు జరిగి కూర్చుంది.

"దగ్గు సంగతి ఇనున్రి," అంటూ మొదటిసారి గొంతు పెంచింది. "మిరపపొడి సెక్షన్ల దగ్గనోళ్లు ఎవ్వలున్నరు మేడం? పొద్దుందాక అందరం దగ్గుడే. గని ఇప్పుడు నేను దగ్గితె అందరు సూస్తున్రు. అందుకే దగ్గు ఆపుకుంట. ఆపుకుంటె కండ్లల్ల నీళ్లస్తయి. ఏడుస్తున్న అనుకుంటున్రు."

సూపర్‌వైజరు "నీ మంచికే" అని చెప్పి ఆమెను ఆ సెక్షన్ నుంచి తీసేసి, వెనక షెడ్డులో ఒక్కదాన్నే అట్టపెట్టెలు మడిచే పనికి పంపాడట. సమ్మయ్య మళ్లీ భూపాలపల్లికే పోదామంటున్నాడట.

"గాడ అందరికి ఎర్కైందనే గీడికి అచ్చినం," అంది రజిత. "ఇంకెన్ని ఊర్లు మారాలె మేడం?"

నాకు ఒళ్లు మండింది. కోపం వచ్చినప్పుడు నాకు చట్టాలు బాగా గుర్తొస్తాయి. గుక్క తిప్పుకోకుండా ఆమెకు దారులన్నీ చెప్పాను. ఆరోగ్య వివరాలు సున్నితమైన సమాచారం కిందికి వస్తాయి, వాటిని కాపాడటంలో నిర్లక్ష్యం చేసిన కంపెనీ నుంచి ఐటీ చట్టం 43ఎ సెక్షన్ కింద నష్టపరిహారం అడగొచ్చు. ఆ కేసు మామూలు కోర్టులో కాకుండా హైదరాబాదులో అడ్జుడికేటింగ్ ఆఫీసర్ ముందు, అంటే ఇలాంటి తగాదాలు తేల్చే రాష్ట్ర ఐటీ శాఖ ఉన్నతాధికారి ముందు వేయాలి. ఒప్పందాన్ని మీరి వివరాలు బయటపెట్టారని పోలీసులకు ఫిర్యాదు ఇవ్వొచ్చు. సెక్షన్ మార్చినందుకు లేబర్ ఆఫీసులో పిటిషన్ పెట్టొచ్చు. వ్యక్తిగత డేటా రక్షణకు కొత్త చట్టం కూడా పాసయింది. కానీ అప్పటికి దాని రూల్సు రాలేదు, ఫిర్యాదులు వినే బోర్డు రాలేదు. పెళ్లి ఖాయమై ముహూర్తం కుదరనట్టు ఉండేది దాని పరిస్థితి. పైగా ఆ చట్టం కింద వేసే జరిమానా ప్రభుత్వానికి పోతుంది, నష్టపోయిన మనిషికి రాదు. తర్వాత రూల్సు వచ్చాయి, అంచెలంచెలుగా అమల్లోకి వస్తున్నాయి. ఇప్పుడు ఇలాంటి కేసు వస్తే ఏ రోజుకు ఏ చట్టం నడుస్తోందో ముందుగా చూసుకోవాలి.

రజిత అంతా ఓపిగ్గా విని ఒకే ప్రశ్న అడిగింది.

"గీ కేసు కాయితం ఎవ్వలెవ్వలు సదువుతరు మేడం?"

"ముందు మా క్లర్కు టైపు చేస్తాడు. తర్వాత ఆఫీసులో తీసుకునేవాళ్లు, అధికారి, కంపెనీ మేనేజర్లు, వాళ్ల లాయరు..." చెబుతూ చెబుతూ నా గొంతు నాకే తగ్గింది.

"అండ్ల నా పేరు, నా రోగం రాస్తరా?"

"రాయాలి మరి."

"అంటె ఒక్కపాలి కంపెనోడు చెప్పిండు. ఇంకోపాలి నేనే దండోర ఏపిచ్చుకోవాల్నా?"

సరిగ్గా అప్పుడే రైలు వచ్చింది. అది పోయేదాకా మాట్లాడే పని లేకపోవడం నాకు మేలైంది. గుట్టు బయటపెట్టినందుకు న్యాయం కావాలంటే, ఆ గుట్టును మళ్లీ నాలుగు ఆఫీసుల్లో చెప్పుకోవాలి. అధికారిని బతిమాలి పేరు దాచమని అడగొచ్చు. కానీ కంపెనీకి ఆమె ఎవరో తెలుసు, కంపెనీలో గోడలకు కూడా చెవులుంటాయి. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

నాకు మా సీనియర్ గారు గుర్తొచ్చారు. అప్పటికి ఆయన పోయి చాలా కాలమైంది. క్లయింటు కష్టం మొత్తం విని, "మరి నీకేం గావాలె?" అని అడిగేదాకా ఆయన పెన్ను మూత తీసేవారు కాదు. జూనియర్లం మేము ఆత్రంగా సెక్షన్లు రాసుకుంటుంటే నవ్వేవారు. ఆ ఆఫీసు ఒకప్పుడు ఆయనదే. ఆయన కూర్చునే వైపు చూసి, నేనూ పెన్ను పక్కన పెట్టాను.

"మరి నీకేం కావాలి రజితా?"

ఆమె ఆలోచించలేదు. "నా బువ్వ నేను ఒక్కదాన్నే తినొద్దు. గంతే మేడం," అంది.

ముప్పై ఏళ్ల నా ప్రాక్టీసులో ఏ పిటిషన్‌లోనూ అలాంటి కోరిక రాయలేదు. ఏ చట్టంలోనూ దానికి సెక్షన్ లేదు. ఆమె వెళ్లిపోయాక ఆ గదిలో చాలాసేపు అటూ ఇటూ తిరిగాను. తిరగ్గా తిరగ్గా తోచింది ఏమిటంటే, ఆ ఫైలులో ఉన్నది రజిత ఒక్కతే కాదు. ఆ రూటులోని ఆడవాళ్లందరి వివరాలూ ఉన్నాయి. నష్టం అందరిదీ అయితే కంపెనీకి నోటీసు అందరి పేరుతోనూ పంపొచ్చు. ఎవరికి ఏ జబ్బో రాయనక్కర్లేదు. "మా అందరి ఆరోగ్య వివరాలు బయటపెట్టారు" అంటే చాలు. అన్ని పేర్ల మధ్య ఒక పేరును ఎవరూ వేలు పెట్టి చూపలేరు. చిక్కల్లా, రజిత పక్కన కూర్చోవడానికే జంకుతున్న ఆడవాళ్లే ఆమెతో కలిసి సంతకం పెట్టాలి.

ఆ రూటులో అందరికీ పెద్దదిక్కు బుచ్చమ్మ. ఏభై దాటినావిడ, మిరపపొడి సెక్షన్లో పాత మనిషి. మాట కటువు. వ్యానులో డ్రైవరు కూడా ఆమె ఎక్కాకే గేరు వేసేవాడట. జనగామ అంచున ఆమె ఇల్లు. ఆదివారం పొద్దున ఆ ఇంటి ముందు రేకుల కింద అందరినీ కూర్చోబెట్టమని కబురు పెట్టాను. రజిత రానంది. నేనే వెళ్లి వెంటబెట్టుకుని వచ్చాను.

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. గోప్యత ప్రాథమిక హక్కు అన్నాను. ఒకామె ఆవులించింది. ఇంకొకామె, చికెన్ దుకాణంలో మంచి ముక్కలు అయిపోతాయి, తొందరగా ముగుస్తుందా అని పక్కామెను అడిగింది. నేను వినలేదనుకుంది.

అప్పుడు బుచ్చమ్మ అందుకుంది. "వకీలమ్మా, నువ్వు సదువుకున్నదానివి. ఒక్క మాట అడుగుత. గీమె మాతోని కలిసి తిన్నది, మా డబ్బల చెయ్యి పెట్టింది. ఒక్కనాడన్న చెప్పిందా? మాకు సుత పిల్లలున్నరు గదా."

అందులో ఉన్నది భయమే, దుర్మార్గం లేదు. నేను జవాబు వెతుక్కునేలోపే రజిత మాట్లాడింది.

"చెప్తె తిననిస్తుంటివా అత్తా?"

రజిత కళ్లలో నీళ్లు తిరిగాయి, ఈసారి దగ్గు వల్ల కాదు. ఆమెను బలవంతాన తీసుకొచ్చి తప్పు చేశానా అనిపించింది.

చట్టాన్ని పక్కన పెట్టి నేను మామూలుగా అడిగాను. "రజిత సంగతి సరే. ఆ ఫైలులో మీవి కూడా ఉన్నాయి కదా. మీ ఇళ్లల్లో ఎవరూ చదవలేదా?"

మూలన కూర్చున్న ఒక పిల్ల, కొత్తగా పెళ్లయింది, కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు ఆమె గుండెకు ఆపరేషన్ జరిగిందని రిపోర్టులో ఉంది. పెళ్లప్పుడు ఆ సంగతి చెప్పలేదు. మోసం చేసి పెళ్లి చేశారని ఇప్పుడు అత్తగారు రోజూ సాధిస్తోంది. "మా అవ్వగారింటికి తోలిస్తమంటున్రు," అంది. ఆ మాట అప్పటిదాకా ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చికెన్ సంగతి అడిగినామె లేచి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

బుచ్చమ్మ ఎవరి వైపూ చూడకుండా అంది.

"నాది సుత ఉన్నది అండ్ల. దగ్గితె నాకు బట్టలు తడుస్తయి. నాలుగు కాన్పులాయె, ఏం జేస్తం. డాక్టరమ్మ మంచిగ అడిగితె చెప్పిన. నేను కంపెనికి కిరాణం సేటు నంబరిస్తి. ఆయన సదివిండు. ఇప్పుడు నేను దుకాణం ముంగటికెల్లి పోతె గాడ కూసున్న మొగోళ్లు దగ్గుతున్రు, కావాలని."

ఆ ఆడవాళ్ల ముఖాలు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అంత గట్టి మనిషి, వాడకట్టుకంతటికీ గొంతు వినిపించే మనిషి, ఉప్పు పప్పుల కోసం వేరే వీధికి తిరిగిపోతోందట. ఎవరూ నవ్వలేదు. బుచ్చమ్మే చివరికి నవ్వి, "మిరపపొడి సెక్షన్ల దగ్గు రోగం నాకే అచ్చె సూడు," అంది. అప్పుడు అందరూ ఒక్కసారి నవ్వి, అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. లాయరు ఏడవకూడదని మా సీనియర్ గారు అనేవారు. ఆ రోజు ఆయన ఉన్నా ఏడ్చేవారు.

ఆ తర్వాత నేను ఏమీ ఒప్పించాల్సిన పని లేకపోయింది. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర. "గా ఆఫీసరు రిపోర్టు గ్రూపుల పెడ్తె ఊకుంటడా?" అని తిట్టుకుంటూ పెట్టారు.

నోటీసు అందగానే కంపెనీ కదిలింది. తినే సరుకు అమ్ముకునేవాళ్లకు పేపర్లో పేరు రావడమంటే భయం. లేబర్ ఆఫీసులో కూర్చుని మాట్లాడుకుందామన్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన వాళ్ల లాయరు చాలా మర్యాదస్థుడు. "నిజంగా ఇబ్బంది పడిన మనిషి ఎవరో పేరు చెప్పండి మేడం, ఆమె విషయం మేము ప్రత్యేకంగా చూసుకుంటాం," అన్నాడు.

"ఆ పేరు అడగడమే మళ్లీ అదే తప్పు చేయడం సార్. అందరి పేర్లూ నోటీసులో ఉన్నాయి," అన్నాను.

మా షరతులు చెప్పాను. ఇకముందు రిపోర్టు ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వాలి. ఇళ్లల్లోని మగవాళ్ల నంబర్లకు వ్యాను టైము తప్ప ఇంకేమీ పోకూడదు. ఒక డాక్టరు వచ్చి జబ్బుల గురించి, అంటుకునేది ఏది, నయమయ్యేది ఏది అని అందరికీ చెప్పాలి. క్యాంపు తర్వాత సెక్షన్ మార్చిన వాళ్లందరినీ పాత సెక్షన్లకు తిరిగి పంపాలి. అలా సెక్షన్ మారినవాళ్లు రజిత కాక ఇంకా కొందరున్నారు. అందుకే ఆ చివరి షరతును "అందరినీ" అని రాయగలిగాను. నా జీవితంలో నేను రాసిన వాక్యాల్లో ఆ ఒక్క మాట మీద నాకు ఇప్పటికీ గర్వం. ఇవి జరగకపోతే పరిహారం కేసు వేసే హక్కు మాకు ఉంటుందని కూడా రాయించాను.

కంపెనీ లాయరు అన్నింటికీ తలూపి, "క్షమాపణ కూడా అదే గ్రూపులో పెట్టిస్తాం," అన్నాడు.

"వద్దు సారూ," అంది బుచ్చమ్మ. అప్పటిదాకా ఆమె నోరు విప్పలేదు. "ఫోన్ల పెడ్తె మళ్ల మా మొగోళ్లే సదువుతరు. తప్పు మాతోని చేసిండ్రు, మాకు చెప్పున్రి. నోటితోని చెప్పున్రి."

లేబర్ ఆఫీసరు అలసిపోయిన మనిషి, ఆ మాటకు నవ్వి "రాసుకోండి" అన్నాడు.

క్షమాపణ చెప్పే రోజు నేను కూడా కంపెనీకి వెళ్లాను. మధ్యాహ్నం డాక్టరు వచ్చి మాట్లాడింది. మందులు పూర్తిగా వాడి నయమైన టీబీ పక్కవాళ్లకు అంటుకోదని, కలిసి తినడం వల్ల అది రానే రాదని, ఎవరి పేరూ ఎత్తకుండా చెప్పింది. దగ్గితే బట్టలు తడిసే కష్టం ఎందరికో ఉంటుందని, దానికీ వైద్యం ఉందని చెప్పింది. సాయంత్రం వ్యాను కదలబోయే ముందు ప్రవీణ్ ఎక్కాడు. చేతిలో కాగితం ఉంది, చదవలేదు.

"అక్కా, మీకు లైను తిప్పలు తప్పుతుందని పెట్టిన. గది నా తెలివి. మా అమ్మ రిపోర్టు అట్ల పెడుదునా అని నేను ఆలోచించలే. తప్పైంది," అన్నాడు.

"పో బిడ్డా, ఇంటికి పోయి ఇంత తిను," అంది బుచ్చమ్మ. అంతటితో ఆ కేసులో తీర్పు వచ్చేసింది.

జనగామ దాకా నేను కూడా ఆ వ్యానులోనే వచ్చాను. ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాను. వాన వెలిసి ఎండ పడుతోంది. రోడ్డుకు రెండు వైపులా పత్తిచేలు మెరుస్తున్నాయి. అందరి చీరల్లోంచీ లేచిన మిరపపొడికి వ్యానంతా దగ్గు. నేనూ దగ్గుతున్నాను. ఎవరు దగ్గుతున్నారో ఎవరూ తిరిగి చూడటం లేదు. కాసేపటికి మాటలు సద్దుమణిగాయి. పొద్దంతా నిలబడి పనిచేసిన వాళ్లు, ఎక్కడి వాళ్లు అక్కడే కునుకు తీశారు.

రజిత ఉండే ఊరి దగ్గర డ్రైవరు బ్రేకు వేశాడు. "రజితా, దిగు," అన్నాడు. జవాబు లేదు. నేను వెనక్కి తిరిగి చూశాను.

రజిత మెలకువగానే ఉంది. ఆమె భుజం మీద తల వాల్చి బుచ్చమ్మ నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుంది, గురక వస్తోంది. రజిత కదలకుండా, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ కూర్చుంది. డ్రైవరు మళ్లీ పిలవబోతే చేత్తో ఆపింది.

"పోనియ్యన్నా," అంది గొంతు తగ్గించి. "ముంగట దిగుత."

డ్రైవరు గేరు వేశాడు. ఆమె ఊరు దాటిపోయాం. ఆమె అక్కడి నుంచి ఎంత దూరం వెనక్కి నడుచుకుంటూ పోయిందో నేను అడగలేదు.

ఆ యూనిట్ ఇప్పుడు లేదు, యంత్రాలు ఎటో తరలించారు. ఆ ఆడవాళ్లు తలా ఒక పనికి పోయారు. రజిత, సమ్మయ్య మాత్రం ఊరు వదిలిపోలేదు. డేటా బ్రీచ్ గురించి ఇప్పుడు నన్ను కూడా సెమినార్లకు పిలుస్తున్నారు. సెక్షన్లన్నీ చెబుతాను, అవి తెలియాల్సినవే. కానీ బయటపడిన గుట్టును ఏ చట్టమూ వెనక్కి తేలేదని, లాయరు చేయగలిగింది ఆ మనిషిని ఒంటరిగా నిలబెట్టకపోవడమేనని నేను నేర్చుకున్నది ఆ కేసులోనే. అది చెప్పబోయే ప్రతిసారీ నా కళ్ల ముందు ఆ వ్యాను కదులుతుంది.